కాడిలాక్: వెయ్యవ వంతు అంగుళంలో పుట్టిన కీర్తి

అమెరికా దేశంలో "కాడిలాక్" అన్న మాట ఒక కారు పేరుగా మాత్రమే మిగలలేదు. పియానో కాని, కుట్టుమిషను కాని, చివరకు పసిపిల్లలను కూర్చుండబెట్టి తోసుకొనిపోయే బండి కాని, తన జాతిలో అన్నిటికన్న మేలైనదని చెప్పదలచినప్పుడు "ఇది ఆ వస్తువులలో కాడిలాక్" అనటం అక్కడ వాడుక అయినది. ఒక వ్యాపారపు పేరు ఇట్లా భాషలో కలిసిపోవటం అరుదు. ఈ పేరు ఆ కారుకు దేనివల్ల వచ్చినదని అడిగితే మెత్తని ఆసనాలు, తళతళలాడే క్రోమియం పూత, సినిమా తారల షికార్లు అని చాలామంది జవాబు చెప్పుతారు. అవన్నీ తరువాత వచ్చినవి. మొదట వచ్చినది కొలత.

ఈనాడు సైకిలుకు ఒక నట్టు పోయినదంటే బజారుకు పోయి అదే కొలతగల మరొక నట్టు కొని తెచ్చుకొంటాము. అది సరిపోవునో లేదో అన్న సందేహం కూడ మనకు కలగదు. 20వ శతాబ్దం ఆరంభంలో మోటారు కారు కొన్న ధనికునికి ఈ సదుపాయం లేదు. ఆనాటి కార్లను, ముఖ్యంగా ఐరోపాలో, నేర్పరులైన పనివారు ఒక్కొక్కటిగా తయారుచేసేవారు. పిస్టన్ తన సిలిండరులో సరిగా ఇమిడేవరకు ఆకురాయితో రాసి, అమర్చి చూసి, మళ్ళీ రాసేవారు. కనుక ఆ పిస్టన్ ఆ సిలిండరుకే సరిపోయేది. అదే కర్మాగారంలో, అదే వారంలో, అదే పనివాడు చేసిన మరొక కారుకు దానిని తగిలించటం సాధ్యమయ్యేది కాదు. ఊరి వడ్రంగి చేసిన రెండు బళ్ళను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకదాని చక్రాన్ని రెండవదాని ఇరుసుకు ఎక్కించబోయినవారికి ఈ చిక్కు బాగా తెలుస్తుంది. దారిలో ఏ భాగమైనా విరిగితే, క్రొత్త భాగంతో బాటు దానిని రాసి సరిచేయగల పనివానిని కూడ వెదకుకోవలసి వచ్చేది.

ఒక నమూనాలోని ఏ భాగమైనా అదే నమూనాకు చెందిన ఏ యంత్రంలోనైనా ఆకురాయి పని లేకుండా ఇమిడేటట్లు చేయటాన్ని భాగాల పరస్పర వినిమయం అనవచ్చును. ఇది మోటారు పరిశ్రమలో పుట్టిన విద్య కాదు. తుపాకుల పరిశ్రమలో పుట్టినది. ఒక తుపాకి మీట విరిగినప్పుడు మరొక తుపాకి మీటను తీసి అక్కడికక్కడే బిగించుకోగలగాలని సైన్యాలు కోరినవి. 19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వపు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం ఈ విద్యలో ఆరితేరినది. కాడిలాక్ కథ ఒక విధంగా అక్కడే మొదలవుతుంది.

మైక్రోమీటరు చేతబట్టిన మనిషి

హెన్రీ మార్టిన్ లేలండ్ 1843లో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించినాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పనిముట్లు చేసే పనిలో చేరినాడు. తరువాత కోల్ట్ రివాల్వర్ల కర్మాగారంలోను, ఆపైన ప్రావిడెన్స్ నగరంలోని బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థలోను పనిచేసినాడు. ఈ సంస్థవారు కొలత పరికరాలకు పేరుపడ్డవారు. 1867లో పారిస్ ప్రదర్శనంలో ఫ్రెంచివారి మైక్రోమీటరును చూచి, దానిని మెరుగుచేసి అమెరికా పనివాని చేతికి అందించినది వీరే. మన ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు తీగ మందం కొలిచే స్క్రూగేజి దీని తోబుట్టువు. అక్కడ లేలండ్‌కు అంగుళంలో వెయ్యవ వంతును లెక్కలోనికి తీసుకోవటం అలవాటయినది. మనిషి తలవెంట్రుక మందం అటువంటి రెండు మూడు వంతులు ఉంటుంది. క్షురకులు వాడే క్లిప్పరును తీర్చిదిద్దిన కీర్తి కూడ ఆయనకే చెందుతుంది.

1890లో లేలండ్ డెట్రాయిట్ నగరం చేరి, ఫాల్కనర్ అనే ధనికుని పెట్టుబడితో ఒక యంత్రశాల స్థాపించినాడు. పళ్ళచక్రాలు, పడవల ఇంజనులు అక్కడ తయారయ్యేవి. 1901 ప్రాంతంలో ఓల్డ్స్ అనే కార్ల కంపెనీ తన ఇంజనులను రెండు యంత్రశాలల చేత చేయించుకొన్నది. ఒకటి లేలండ్‌ది, రెండవది డాడ్జ్ సోదరులది. నమూనా ఒక్కటే. అయినను డాడ్జ్ వారి ఇంజను సుమారు 3 అశ్వశక్తులు ఇస్తూ ఉండగా, లేలండ్ ఇంజను 3.7 అశ్వశక్తులు ఇచ్చినదని చెప్పుతారు. పిస్టనుకూ సిలిండరుకూ నడుమ సందు తగ్గితే మండిన వాయువు వృథాగా జారిపోదు. బేరింగులు సరిగా ఉంటే ఘర్షణ తగ్గుతుంది. అదనంగా వచ్చిన శక్తి అంతా కొలతలోనుండి వచ్చినదే.

లేలండ్ అంతటితో ఆగక, అదే ఇంజనును సవరించి 10 అశ్వశక్తులకు మించి రాబట్టినాడు. కాని ఓల్డ్స్ కంపెనీ దానిని తీసుకోలేదు. అప్పటికే వారి కార్లు తయారైనంత వేగంగా అమ్ముడుపోతున్నవి. క్రొత్త ఇంజను కోసం పనిముట్లు మార్చితే ఉత్పత్తి ఆగిపోతుందని వారి భయం. మంచి ఇంజను ఒకటి కారు లేక మూలపడి ఉన్నది.

ఫోర్డ్ విడిచిన కర్మాగారం

అదే నగరంలో 1901లో స్థాపించబడిన హెన్రీ ఫోర్డ్ కంపెనీ అప్పుడు చిక్కులలో ఉన్నది. పెట్టుబడిదారులకూ ఫోర్డుకూ పొసగలేదు. 1902లో ఆయన 900 డాలర్లు, తన పేరు తాను వాడుకొనే హక్కు పుచ్చుకొని బయటకు వచ్చినాడు. మిగిలిన యంత్రాలను అమ్మివేసి కంపెనీని మూసివేయదలచిన పెట్టుబడిదారులు, వాటికి వెల కట్టుమని లేలండ్‌ను పిలిచినారు. లేలండ్ వెల కట్టి ఇచ్చినాడు. దానితో బాటు తన ఇంజనును కూడ తీసుకొనిపోయి వారి ముందు పెట్టినాడు. కంపెనీని మూయవద్దనీ, ఈ ఇంజనుతో కారు చేయండనీ సలహా చెప్పినాడు. వారు ఒప్పుకొన్నారు.

కంపెనీకి క్రొత్త పేరు కావలసి వచ్చినది. డెట్రాయిట్ నగరానికి 1701లో పునాది వేసిన ఫ్రెంచి అధికారి ఆంట్వాన్ ద లా మోత్ కాడిలాక్. నగరం 200 సంవత్సరాల పండుగ చేసుకొని ఒక్క ఏడాదే అయినది కనుక ఆ పేరు అందరి నోళ్ళలోను ఉన్నది. 1902 ఆగస్టులో కాడిలాక్ ఆటోమొబైల్ కంపెనీ ఏర్పడినది. అక్టోబరులో మొదటి కారు పూర్తయినది. 1903 జనవరిలో న్యూయార్క్ ప్రదర్శనంలో రెండువేలకు పైగా కార్లకు బయానాలు ముట్టినవి.

ఆ మొదటి కారు, అనగా మోడల్ ఏ, చూడటానికి గుర్రాన్ని విప్పిన జట్కావలె ఉండేది. ఒకే సిలిండరు, ఇంజను ఆసనం క్రింద, వెల 750 డాలర్లు. ఈ ఒంటి సిలిండరు జాతిలో బి, కె, ఎం, ఎస్, టి అని పలు నమూనాలు వచ్చి, 1908 వరకు మొత్తం 16 వేలకు పైగా తయారైనవి. 1905లో లేలండ్ యంత్రశాల, కాడిలాక్ కంపెనీ ఒక్కటైనవి. నాలుగు సిలిండర్ల మోడల్ డి కూడ ఆ ఏడాదే వచ్చినది. అయితే కాడిలాక్ పేరును సముద్రం దాటించినది ఈ పెద్ద కారు కాదు, చౌకయిన ఒంటి సిలిండరు మోడల్ కె.

లేలండ్ చాదస్తం ఎటువంటిదో తెలుపటానికి ఒక సంఘటన చాలును. కాడిలాక్ వారికి రోలర్ బేరింగులు అమ్మే ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అనే యువకుడు ఒకసారి ఫిర్యాదుపై రావలసి వచ్చినది. తెల్లగడ్డపు లేలండ్ బల్లమీద బేరింగులు పరచి, మైక్రోమీటరుతో ఒక్కొక్కదానిని కొలిచి, మాదిరిగా ఇచ్చిన దానికీ తరువాత పంపిన వాటికీ గల తేడా చూపినాడు. కాడిలాక్ కార్లు అమ్ముకొనటానికి మాత్రమే కాదు, నడవటానికి కూడ తయారవుతున్నవని మందలించినాడు. అధికోత్పత్తికి సూక్ష్మమైన కొలత ఎంత ముఖ్యమో తనకు ఆనాడు తెలిసివచ్చినదని స్లోన్ తరువాత చెప్పుకొన్నాడు. ఈ స్లోనే 1923లో జనరల్ మోటార్స్ సంస్థకు అధ్యక్షుడైనాడు. కొలతను సరిచూచే కొలతబిళ్ళలను స్వీడన్ దేశంలో యొహాన్‌సన్ అనే ఆయన కనిపెట్టగా, వాటిని అమెరికా కార్ల పరిశ్రమలో ముందుగా వాడినవారు కూడ కాడిలాక్ వారే.

మూడు కార్లు, ఒక గుట్ట

1908 నాటికి ఇంగ్లండులో అమెరికా కార్లంటే చిన్నచూపు. చౌకగా, గుంపుగా చేసిన వస్తువు మంచిది కాజాలదని అక్కడివారి నమ్మకం. లండనులో కాడిలాక్ ఏజెంటు ఫ్రెడరిక్ బెన్నెట్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టదలచినాడు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పర్యవేక్షణలో 1908 ఫిబ్రవరి 29న పరీక్ష ప్రారంభమైనది. బెన్నెట్ దగ్గర అమ్మకానికి ఉన్న కార్లలోనుండి క్లబ్బువారే మూడు మోడల్ కె కార్లను ఏరుకొని, వాటిని బ్రూక్‌లాండ్స్ పందెపుబాటకు తీసుకొనిపోయి కొంతదూరం నడిపి చూచినారు. పిదప మూడింటినీ మేకుతో సహా విడదీసినారు.

ఒక్కొక్క కారులో 721 భాగాలు. మూడు కార్ల భాగాలనూ ఒకటిగా కలిపివేసినారు. ఏది ఏ కారుదో గుర్తించటం అసాధ్యమైన తరువాత, వాటిలో 89 భాగాలను క్లబ్బువారు తీసి ప్రక్కన పెట్టి, వాటికి బదులు ఏజెంటు సామాను గదిలోని క్రొత్త భాగాలను తెచ్చి గుట్టలో వేసినారు. ఇద్దరు మెకానిక్కులు ఆ గుట్ట ముందు కూర్చున్నారు. వారి చేతిలో ఉన్నవి స్పానర్లు, స్క్రూడ్రైవర్లు మాత్రమే; ఆకురాయి తాకరాదని నియమం.

కార్లు మళ్ళీ నిలబడినవి. ఒక భాగం ఒక రంగు, ఇంకొక భాగం మరొక రంగు, విదూషకుని వేషంవలె ఉన్నదని చూచినవారు నవ్వుకొన్నారు. మార్చి 13 నాటికి మూడు కార్లూ బ్రూక్‌లాండ్స్ బాటపై 500 మైళ్ళు పరుగెత్తినవి. గంటకు 30 మైళ్ళ పైచిలుకు వేగంతో, చెప్పుకోదగిన ఇబ్బంది ఏదీ లేక, మూడూ పరుగు ముగించినవి. మూడింటిలో ఒకదానిని క్లబ్బువారు తాళంవేసి ఉంచి, జూన్ నెలలో జరిగిన 2000 మైళ్ళ పోటీకి తిన్నగా పంపగా, తన తరగతిలో అది గెలిచినది.

మోటారు శాస్త్రాభివృద్ధికై ఏటేటా ఇచ్చే డ్యూవార్ ట్రోఫీని క్లబ్బువారు కాడిలాక్‌కు ఇచ్చినారు. అమెరికా కారు ఒకటి దానిని పొందటం అదే మొదలు. "ప్రపంచానికి ప్రమాణం" అన్న బిరుదును కంపెనీ ప్రకటనలలో పెట్టుకొన్నది అప్పుడే. ప్రకటనలలోని బిరుదులను సాధారణంగా నమ్మనవసరం లేదు. ఈ ఒక్క దానికి మాత్రం వెనుక 2163 భాగాల సాక్ష్యం ఉన్నది. 1909లో జనరల్ మోటార్స్ సంస్థ కాడిలాక్‌ను కొన్నది. నిర్వహణ మాత్రం లేలండ్ చేతిలోనే, ఆయన కుమారుని చేతిలోనే ఉండిపోయినది.

హాండిలు పోయి మీట వచ్చినది

ఆ రోజులలో కారు కదలాలంటే ముందు నిలబడి ఇనుప హాండిలును బలంగా తిప్పవలెను. నిప్పురవ్వ పడవలసిన సమయాన్ని ఆలస్యం చేసే మీటను సరిగా పెట్టకపోతే ఇంజను వెనుకకు తన్నేది. ఆ తన్నుకు మణికట్లు విరిగేవి. డెట్రాయిట్‌లోని బెల్ ఐల్ వంతెన మీద ఆగిపోయిన ఒక స్త్రీ కారుకు సాయపడబోయి, బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు హాండిలు దెబ్బ తిని, ఆ తరువాత మరణించినాడనీ, ఆ కారు కాడిలాక్ కావటంవల్ల లేలండ్ ఎంతో బాధపడినాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కార్టర్ మరణించినది 1908లో. కథలోని వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటవి. అపాయం మాత్రం ప్రతి కారు యజమానికీ నిత్యానుభవం. విద్యుత్తుతో నడిచే కార్లను పట్టణ స్త్రీలు ఇష్టపడటానికి హాండిలు బెడద లేకపోవటమే పెద్ద కారణం.

విద్యుత్ మోటారుతో ఇంజనును త్రిప్పాలన్న ఆలోచన క్రొత్తది కాదు. అయితే అంత బరువును త్రిప్పగల మోటారు ఇంజనంత పెద్దది కావలసి వస్తుందని ఇంజనీర్లు లెక్కవేసినారు. డేటన్ నగరంలోని చార్లెస్ కెటరింగ్ ఆ లెక్కలోని లోపం కనిపెట్టినాడు. ఆయన అంతకుముందు అంగళ్ళలో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిష్టరుకు చిన్న మోటారు అమర్చి ఉన్నాడు. మోటారులోనికి హెచ్చు ప్రవాహం పోనిస్తే అది వేడెక్కి కాలిపోతుంది, నిజమే. కాని వేడి కూడటానికి కాలం కావలెను. కొన్ని క్షణాలు మాత్రమే పనిచేయవలసిన మోటారు, రోజంతా పనిచేసే మోటారుకన్న ఎన్నో రెట్లు అధిక భారాన్ని ఓర్చుకోగలదు. క్యాష్ రిజిష్టరుకు చాలినది కారుకు ఎందుకు చాలదు?

కెటరింగ్, ఆయన మిత్రుడు డీడ్స్ కలిసి స్థాపించిన డెల్కో సంస్థ 1911లో ఈ పరికరాన్ని లేలండ్‌కు చూపినది. 1912 నమూనా కాడిలాక్ కార్లన్నిటిలోను అది అమర్చబడినది. ఇందులోని నేర్పు మరొకటి ఉన్నది: ఇంజను కదిలిన తరువాత అదే మోటారు ఇంజను చేత త్రిప్పబడి జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది, దీపాలకు విద్యుత్తు ఇస్తుంది. హాండిలుతో బాటు గ్యాసు దీపాలు కూడ పోయినవి. దీనికి కాడిలాక్‌కు రెండవసారి డ్యూవార్ ట్రోఫీ లభించినది. తరువాత పది సంవత్సరాలలో నగర వీథుల నుండి విద్యుత్ కార్లు దాదాపు మాయమైనవి. పెట్రోలు కారుకు అడ్డుగా ఉన్న చివరి అసౌకర్యాన్ని తొలగించినది ఒక విద్యుత్ మోటారే కావటం విచిత్రమే.

ఎనిమిది, పన్నెండు, పదహారు

1914 సెప్టెంబరులో కాడిలాక్ టైప్ 51 అనే క్రొత్త నమూనా ప్రకటించినది. నాలుగేసి సిలిండర్లు గల రెండు వరుసలను ఇంగ్లీషు 'వి' అక్షరంవలె 90 డిగ్రీల కోణంలో నిలిపిన ఇంజను అది, 70 అశ్వశక్తులు. ఇటువంటి ఇంజనును ఫ్రెంచివారు ముందే చేసి ఉన్నారు గాని, వేల సంఖ్యలో తయారుచేసినది కాడిలాక్. మొదటి నెలలలో విద్యుత్ తీగలలో దోషాలు బయటపడగా పోటీదారులు ఎగతాళి చేసినారు. దానికి సమాధానంగా 1915 జనవరిలో ఒక వారపత్రికలో వెలువడిన ప్రకటనలో కారు పేరు కాని, బొమ్మ కాని లేదు. ముందు నడిచేవారికి అసూయ తప్పదని మాత్రమే అందులో వ్రాసినారు. ప్రకటన రచనకు అది నేటికీ పాఠంగా చెప్పబడుతున్నది. తీగల దోషాన్ని సరిచేసినది మాత్రం ఇంజనీర్లు.

1917లో అమెరికా ప్రపంచయుద్ధంలో దిగినప్పుడు సైన్యాధికారుల వాహనంగా ఈ కారు ఎన్నికైనది. ఆ ఏడాదే లేలండ్ కాడిలాక్‌ను విడిచినాడు. విమానాలకు లిబర్టీ ఇంజనులు చేయాలని ఆయన పట్టుదల. జనరల్ మోటార్స్ అధ్యక్షుడు డ్యూరాంట్‌కు అది ఇష్టం లేదు. 74వ ఏట లేలండ్ క్రొత్త కంపెనీ పెట్టి, 1864లో తాను మొదటి వోటు వేసిన అబ్రహాం లింకన్ పేరు దానికి పెట్టినాడు. యుద్ధానంతరం లింకన్ కార్లు బాగున్నవి గాని వ్యాపారం బాగులేదు. 1922లో కోర్టు అమ్మకంలో దానిని 80 లక్షల డాలర్లకు కొన్నది హెన్రీ ఫోర్డ్. కొద్ది నెలలకే లేలండూ ఆయన కుమారుడూ బయటకు పోవలసి వచ్చినది. 20 సంవత్సరాల క్రిందట ఫోర్డ్ విడిచిన కర్మాగారాన్ని నిలబెట్టిన మనిషి, ఫోర్డ్ కొన్న కర్మాగారం నుండి వెడలిపోయినాడు. 1932లో ఆయన మరణించేనాటికి అమెరికాలో ఖరీదైన కార్లలో రెండు పెద్ద పేర్లు ఆయన స్థాపించినవే.

లేలండ్ వెళ్ళినా ఆయన అలవాటు కొంతకాలం నిలిచినది. పాత వి-8 ఇంజనులో వంపుల ఇరుసు వంపులన్నీ ఒకే తలంలో ఉండుటచేత కొన్ని వేగాల వద్ద కారు అదిరేది. 1924 నమూనాలో వంపులను 90 డిగ్రీల కోణంలో రెండు తలాలలో అమర్చి, లెక్కకట్టిన ఎదురు బరువులు చేర్చి, ఆ అదురును నిర్మూలించినారు. నేటి అమెరికన్ వి-8 ఇంజనులు చాలవరకు ఈ అమరికనే వాడుతున్నవి. 1929 నమూనాలో సింక్రోమెష్ గేరు వచ్చినది. అంతకుముందు గేరు మార్చటం ఒక కళ. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ళచక్రాలను కలపబోతే అవి కరకరలాడేవి. పళ్ళు కలవటానికి ముందు శంకువు ఆకారపు బిళ్ళలు ఒకదానినొకటి ఒరసుకొని వేగాలను సమానం చేయటమే క్రొత్త ఉపాయం.

1930 జనవరిలో 16 సిలిండర్ల కారు ప్రదర్శనకు వచ్చినది. అప్పటికి న్యూయార్క్ షేర్ల బజారు కూలి మూడు నెలలు కాలేదు. ఎంత గొప్ప ఇంజనైనా అకాలంలో పుట్టినదే. 1940 వరకు 11 సంవత్సరాలలో అమ్ముడైనవి 4 వేల పైచిలుకు మాత్రమే. వాటిలో ఒకదానికి ఇటలీ దేశపు పినిన్ ఫారినా వారు మన దేశంలోని ఓర్ఛా సంస్థానాధీశుని కోసం ప్రత్యేకంగా బాడీ కట్టినారు.

ఆ ఆర్థిక మాంద్యంలో కాడిలాక్‌ను మూసివేయాలన్న ఆలోచన కూడ జనరల్ మోటార్స్‌లో నడిచినది. అప్పుడు సర్వీసు విభాగం చూచే నికొలస్ డ్రైష్టాట్ అనే జర్మన్ వలసదారుడు ఒక సంగతి గమనించినాడు. మరమ్మతుకు వచ్చే కార్లలో చాలవాటి యజమానులు నీగ్రోజాతి వైద్యులు, గాయకులు, బాక్సింగ్ వీరులు. వారికి కాడిలాక్ అమ్మరాదని కంపెనీ కట్టడి. అందుచేత వారు ఒక తెల్లవానికి కొన్ని వందల డాలర్లు ఇచ్చి, అతని పేరున కొనిపించుకొంటున్నారు. ఇల్లు కొనదలచిన చోట కొనలేని, మంచి హోటలులో దిగలేని మనిషికి, వీథిలో అందరూ చూడగా నడుపుకొనదగిన గౌరవచిహ్నం ఈ కారు ఒక్కటే. డ్రైష్టాట్ పిలవని పేరంటంగా సంచాలకుల సమావేశంలో ప్రవేశించి ఈ వాదన వినిపించినాడనీ, అమ్మకాలు ఆ పిమ్మట పుంజుకొన్నవనీ పీటర్ డ్రకర్ అనే ప్రసిద్ధ రచయిత వ్రాసినాడు. దయవల్ల కాక లెక్కవల్ల తొలగిన అన్యాయం ఇది. 1934లో డ్రైష్టాట్ కాడిలాక్‌కు జనరల్ మేనేజరు అయినాడు.

తోకలు పెరిగిన కాలం

1927లో లాసాల్ అనే చౌక నమూనాతో హార్లీ ఎర్ల్ అనే చిత్రకారుడు కంపెనీలో ప్రవేశించినప్పటినుండి కారు ఆకారాన్ని రూపకర్తలు తీర్చటం మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధంలో కాడిలాక్ వారు తేలికరకపు టాంకులు చేసినారు. 1948 నమూనాలో పి-38 యుద్ధవిమానపు తోకను చూచి తెచ్చిన చిన్న రెక్కలు కారు వెనుక మొలిచినవి. 1949లో తేలికయిన క్రొత్త వి-8 ఇంజను వచ్చినది. 1950లో ఫ్రాన్సు దేశపు లెమాన్స్ 24 గంటల పందెంలో రెండు కాడిలాక్‌లు పాల్గొని 10వ, 11వ స్థానాలు పొందినవి. ఆ నమూనా సంవత్సరంలోనే అమ్మకాలు మొదటిసారి లక్ష దాటినవి. 1953లో ఎల్డొరాడో, 1957లో 13 వేల డాలర్లకు మించిన వెలతో ఎల్డొరాడో బ్రౌహాం వచ్చినవి. తోకలు ఏటేటా పెరిగి 1959లో పరాకాష్ఠ చేరుకొన్నవి. ఆ తరువాత క్రమంగా తగ్గి 1965కు మాయమైనవి. ఆ రెక్కలవల్ల కారుకు ఒరిగిన శాస్త్రీయ ప్రయోజనం చెప్పుకోదగినది ఏమీ లేదు. 1967 ఎల్డొరాడోలో ముందు చక్రాలను నడిపించే ఏర్పాటు మాత్రం నిజమైన ఇంజనీరింగు.

1973లో చమురు ధరలు మండిపోయిన పిదప పెద్ద కార్లకు కష్టకాలం దాపురించినది. 1975లో కొంచెం చిన్నదిగా సెవిల్ వచ్చి బాగా అమ్ముడైనది. 1981లో భారాన్ని బట్టి 8, 6, లేక 4 సిలిండర్లతో నడిచే ఇంజనును తెచ్చినారు. ఆలోచన మంచిదే, ఆనాటి ఎలక్ట్రానిక్ మెదడు దానికి తగినంత చురుకుగా లేదు. సిలిండర్లు మారినప్పుడు కారు కుదుపులు పెట్టగా, ఎందరో యజమానులు ఆ తీగను ఊడదీయించుకొన్నారు. ఒక్క ఏడాదికే చాల నమూనాలలోనుండి దానిని తీసివేసినారు. పాతిక సంవత్సరాల తరువాత, గణనయంత్రాల వేగం పెరిగినప్పుడు, అదే ఆలోచన అనేక కంపెనీల కార్లలో చక్కగా పనిచేసినది.

అంతకన్న పెద్ద దెబ్బ సిమారాన్. 1982 నమూనాగా వచ్చిన ఈ చిన్న కారు, అదే జనరల్ మోటార్స్‌లోని షెవ్రలే శాఖ అమ్మే చౌక కారు కవలియర్‌కు తోలు ఆసనాలు, కాడిలాక్ చిహ్నం తగిలించినది తప్ప మరేమీ కాదు. వెల మాత్రం ఎంతో హెచ్చు. ఒక కారు భాగం మరొక కారుకు సరిపోవటం 1908లో కాడిలాక్ గొప్పతనం. 1982 నాటికి ఆ వినిమయం భాగాలను దాటి పోయినది. ఒక కంపెనీ కారు ముందుభాగం తీసి మరొక కంపెనీ పేరు పెడితే చాలునన్నంతవరకు వచ్చినది. కొనేవారు ఈ సంగతి పసికట్టలేనంత అమాయకులు కారు. 1988లో సిమారాన్ ఆగిపోయినది. దానికి విరుద్ధంగా 1987 నమూనాగా వచ్చిన అల్లాంటే కారు బాడీలను ఇటలీలోని ట్యూరిన్‌లో చేయించి, పెద్ద విమానాలలో డెట్రాయిట్‌కు తెప్పించి ఇంజనులు అమర్చినారు. ఆ ఖర్చును ఏ వ్యాపారమూ భరించలేదు. 1993లో అదీ ముగిసినది.

1998లో ఖరీదైన కార్ల అమ్మకాలలో లింకన్ కాడిలాక్‌ను దాటిపోయినది. లేలండ్ రెండవ బిడ్డ మొదటి బిడ్డను ఓడించినదన్నమాట. ఆ తొందరలో తెచ్చిన ఎస్కలేడ్ అనే పెద్ద బండి కూడ మొదట మరొక శాఖ బండికి చిహ్నం మార్చినదే గాని, దానికి మాత్రం గిరాకీ కుదిరినది. తరువాతి నమూనాలలో దానికి సొంత రూపం వచ్చినది. 2003 నమూనాగా వచ్చిన సి.టి.ఎస్. కారుతో, వేరే శాఖలతో పంచుకొన్న ముందుచక్రాల చట్రాన్ని విడిచి, వెనుక చక్రాలు నడిపించే క్రొత్త చట్రాన్ని కాడిలాక్ కట్టుకొన్నది.

2022లో టెనెసీ రాష్ట్రంలోని స్ప్రింగ్ హిల్ కర్మాగారంలో లిరిక్ అనే విద్యుత్ కారు ఉత్పత్తి మొదలైనది. దానికి ఇంజను లేదు. కనుక కెటరింగ్ స్టార్టరు కూడ లేదు. అదే ఏడాది ప్రకటించిన సెలెస్టిక్ అనే మరొక విద్యుత్ కారు వెల మూడు లక్షల డాలర్లకు పైమాటే. దానిని డెట్రాయిట్ ప్రక్కనున్న వారెన్‌లోని సాంకేతిక కేంద్రంలో, కొనేవారు కోరిన రంగులతో, కోరిన అలంకారాలతో, ఒక్కొక్కటిగా చేతితో కూర్చుతారు.